అప్ప ఒగ్గేసిన ప్లాటు

చెల్లి పురుడుకని విశాఖపట్నం వెళ్ళి పదిహేను రోజుల తర్వాత తిరిగొచ్చాను. టెక్కలిలో మా ఆఫీసు మెట్లెక్కుతుంటే ఏదో తక్కువైనట్టు అనిపించింది. సగం ఎక్కాక గాని తెలియలేదు, ఎండుచేపల వాసన లేదు. ఏడేళ్ళుగా ఆ వాసన గురించి నేను పెట్టని గొడవ లేదు. ఇల్లు కట్టుకుందామని ప్లాను కోసం వచ్చే వాళ్ళు ముక్కు మూసుకుని మెట్లెక్కుతున్నారని, సగం బేరాలు అక్కడే పోతున్నాయని రోజుకోసారైనా అరిచేదాన్ని. దిగి వెళ్ళి పక్కన చెప్పుల షాపాయన్ని అడిగాను, మెట్ల కింద ఎండుచేపలమ్మే అప్ప రాలేదా అని.

"మీకు తెల్దా మేడమ్? పోనాది గదా. మూడ్రోజుల జొరం. పెద్దకర్మ కూడా అయిపోనాది."

అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాను. బజారు మధ్యన, పట్టపగలు, ముప్పై నాలుగేళ్ళ దాన్ని. చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు. ఏడవకపోతే సిగ్గు పడాలి.

ఆవిడ పేరు నాకు తెలుసు గాని రాయను. ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. మా వైపు అప్పంటే అక్క. టెక్కలి బజారంతటికీ ఆవిడ అప్పే. భావనపాడు దగ్గర సముద్రం ఒడ్డున చిన్న పల్లె వాళ్ళది. పొద్దున్నే రెండు గంపలతో ఆటో దిగేది. ఒకదాంట్లో వేలెడంత నెత్తళ్ళ చేపలు, ఒకదాంట్లో ఎండురొయ్యలో కవళ్ళ చేపలో. బక్కగా, నల్లగా, పొడుగ్గా ఉండేది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎగదోపి, ముక్కుకి రెండు వైపులా ముక్కుపుడకలు పెట్టుకుని, నోరు తెరిస్తే పక్క వీధికి వినపడేలా మాట్లాడేది.

నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. డిప్లమా చదివాను గాని అప్పకి ఆ తేడాలు పట్టవు, ఇంజినీరు గుంటనే. గుంటంటే ఆడపిల్ల. నేను ఎంతమంది ముందు ఎంత బిగుసుకుని కూర్చున్నా, కింద నుంచి "ఓలే ఇంజినీరు గుంటా!" అని ఒక్క కేక పడితే నా దర్జా అంతా గంగలో కలిసేది.

మొదటిసారి పైకొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. వాసన గురించి నేను అరిచిన మర్నాడే వచ్చింది. పోట్లాటకొచ్చిందేమోనని నేనూ సిద్ధపడ్డాను. ఆవిడ నన్ను పట్టించుకోకుండా మూల ఉన్న కుండ దగ్గరికి పోయి, ఒక చెంబు నిలబడే తాగింది. ఇంకో చెంబూ తాగింది. మూతి తుడుచుకుని నా బల్ల మీదికి వంగింది.

"ఏటిది?"

"ఇంటి ప్లాను."

"గాలి ఎటు గీసినావు?"

నేను ఉత్తరం బాణం చూపించాను. ప్రతి ప్లానులోనూ ఒక మూల ఆ బాణం గీస్తాం, దిక్కు తెలియడానికి.

"ఉత్తరం సంగతి నాకెందుకే? అది ఎక్కడికీ ఎల్లదు. గాలి సెప్పు, గాలి. ఇదెటు నుండి ఒచ్చి ఎటు ఎల్తాది?"

గాలి ప్లానులో ఉండదని చెప్పాను. నా మొహం, ప్లాను మార్చి మార్చి చూసింది. "అయితే ఇందల మనుసులుండరా?" అని అడిగి గంప దగ్గరికి దిగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మండింది గాని, ఆ సాయంత్రమే ఆ ప్లానులో పడకగదికి ఎదురుబొదురు రెండు కిటికీలు పెట్టాను. పెట్టానని మాత్రం ఆవిడకి చెప్పలేదు.

ఆవిడ ఒకచోట కూర్చునేది కాదు. పొద్దున్న మా మెట్ల కింద, పదింటికి చెప్పుల షాపు అరుగు మీద, మధ్యాహ్నం మందుల షాపు పక్క సందులో, పొద్దు వాలాక మళ్ళీ మెట్ల కింద. నీడ కోసం తిరుగుతోందనుకునేదాన్ని. "నీడదేటి, గొడుగేసుకున్నా నీడే. సల్లగాలి ఏపు కూకోవాల," అనేది. పమిట చెంగు కొస వేళ్ళతో పట్టుకుని వదిలేసేది. అది ఎటు ఊగితే అటు గంప జరిపేది. చెప్పుల షాపాయన గడియారం చూడ్డం మానేశాడు. అప్ప మందుల షాపు సందులోకి వెళ్ళిందంటే అన్నం వేళ అయిందని క్యారేజీ విప్పేవాడు.

మా బజారు ఈ ఏడేళ్ళలో ఎంత పెరిగిందో చెప్పక్కర్లేదు. పెంకుటిళ్ళు పోయి మూడంతస్తులు లేచాయి, వేపచెట్లు పోయాయి, షాపులకి అద్దాలొచ్చాయి, అద్దాల వెనక ఏసీలొచ్చాయి. వాటిలో నాలుగైదు నేను గీసినవే. ఒకసారి ఎదుటి బట్టల షాపాయన ఏసీ డబ్బాని వీధి వైపు, సరిగ్గా అప్ప కూర్చునే చోటికి ఎదురుగా పెట్టించాడు. ఆవిడ రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు గంప నెత్తిన పెట్టుకుని సరాసరి ఆ అద్దాల తలుపు తోసుకుని లోపలికెళ్ళి, చీరలు చూస్తున్న ఆడవాళ్ళ మధ్యన దించింది.

"ఏటప్పా ఇది!" అని షాపాయన లబలబలాడాడు.

"నీ ఇంట్లో ఏడి ఈదిలో నా మీద పోసినావు గదా బావా. నా వాసన గూడా నీకిద్దామని తెచ్చినాను. సుట్టరికం ఒకేపే ఎలగుంటాది?"

చీరలు చూస్తున్న వాళ్ళు పడీ పడీ నవ్వారు. మర్నాటికి డబ్బా మేడ మీదికి పోయింది. షాపాయన ఆ తర్వాత అప్ప దగ్గరే నెత్తళ్ళు కొనేవాడు.

రోజూ పొద్దు వాలాక, ఆటో ఎక్కే ముందు, పైకొచ్చి రెండు చెంబుల నీళ్ళు తాగేది. కబుర్ల కోసం నీళ్ళ వంక పెట్టుకుంటోందని నేననుకున్నాను. బజారులో ప్రతి షాపులోనూ నీళ్ళుంటాయి, మెట్లెక్కి రావడమెందుకు? ఒకరోజు అదే అడిగితే, చెంబు బోర్లించి నింపాదిగా చెప్పింది. ఇంట్లో ఆయనకి కిడ్నీలు పోయాయి. కిడ్నీ జబ్బు లేని ఊరు లేని మా ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు, ఎన్నేళ్ళ నుంచని మాత్రమే అడుగుతారు. వారానికి రెండుసార్లు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. ఒళ్ళు ఉబ్బిపోతుందని నీళ్ళు కొలత ప్రకారమే తాగమన్నారు. పొద్దున్న ఒక స్టీలు గ్లాసు నింపి ఇస్తుంది, మాపటిదాకా అదే. ఎండాకాలమైనా అదే.

"ఆయన ఎదట నానెలగ తాగుతాను? గొంతుక దిగుద్దేటి? అందుకే ఈడ పొట్ట నిండా తాగీసి ఎల్తాను. బజార్లో తాగితే మా ఊరోళ్ళెవలో సూసి ఆయనకి సెప్తారు. తన కోసం దాక్కుని తాగుతన్నానని తెలిస్తే బాధ పడతాడు."

ఆ తర్వాత వాసన గురించి అరవడం నేను తగ్గించాను. పూర్తిగా మానలేదు, మానితే ఆవిడకి అనుమానమొస్తుంది.

"దాహానికి నీల్లు కుదరవు, గాలే తాగాల," అనేది ఆయన గురించి. చెమట పట్టకపోతే, ఒంటికి చల్లగా తగిలితే, నాలుక ఎండదట. సముద్రపు గాలి వీచిన రోజు గ్లాసులో సగం మిగిలిపోయేదట. ఉక్కపోసిన రోజు మధ్యాహ్నానికే గ్లాసు ఖాళీ చేసి, మాపటిదాకా తడిగుడ్డ పెదాల మీద అద్దుకుంటూ కూర్చునేవాడట.

వాళ్ళ పల్లెని సముద్రం ఒక్కో ఇల్లూ కోసుకుపోతోంది. ఊరివాళ్ళకి కాస్త లోపలికి, రోడ్డు పక్కన, కొత్తగా కాలనీ కట్టిస్తున్నారు. ఆ పని చేసే కంట్రాక్టరు లేఅవుటు గీయమని నాకే ఇచ్చాడు. అప్ప పల్లెకని తెలిసి ఎంత సంతోషపడ్డానో! కంప్యూటర్లో పైనుంచి తీసిన పాత పల్లె ఫోటో చూశాను. ఒక్క ఇల్లు వరసలో లేదు. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, ఒకటి మూలకి తిరిగి ఉన్నాయి. పాపం ప్లాను లేని ఊరు అనుకున్నాను. నాలుగు చక్కటి వరసలు గీశాను. అందరికీ తూర్పు ముఖమే కావాలంటారని అన్ని గుమ్మాలూ తూర్పుకే పెట్టాను. జాగా కలిసొస్తుందని గోడకి గోడ ఆనించాను. చోటు చూడ్డానికి మాత్రం వెళ్ళలేదు. నా తప్పుకి పేరంటూ ఉంటే అదే.

చీట్లు తీశారు. అప్పకి మొదటి వరసలో నడిమి ప్లాటు వచ్చింది. ఒడ్డున సరుగుడు తోట గోడలా ఉంటుంది, గెడ్డ, అంటే వాగు, వచ్చి సముద్రంలో కలిసే చోట మాత్రం తోటకి గండి ఉంది. ఆ గండికి ఎదురుగా సరిగ్గా ఆ ప్లాటే. ఆ రోజు మెట్లు రెండేసి ఎక్కి వచ్చింది. "ఓలమ్మో గుంటా, నా ముసిలోడికి గాలి పడిందే!" అని నా రెండు బుగ్గలూ చేపల చేతులతో పుణికింది. తలంటుకున్నా రెండు రోజులు ఆ వాసన పోలేదు.

తర్వాత వారం, "రేపు మా ప్లాటులో తడిక కడతాం, రా. అన్నం తినీసి ఎల్దువుగాని," అంది. శంకుస్థాపన లాంటిదేమో అనుకుని పసుపూ కుంకం కొనుక్కుని వెళ్ళాను.

అక్కడ పూజ లేదు. ముగ్గుతో నా ప్లాను నేల మీద గీసి ఉంది. అప్ప ప్లాటులో, ముందు గోడ వచ్చే చోట, గుంజలు పాతి ఇంటి ఎత్తున కొబ్బరాకు తడిక కట్టారు. అటూ ఇటూ ప్లాట్ల వాళ్ళూ అలాగే కట్టారు. తడికలకి ఇవతల, వెనక వరసల్లో, వలముక్కలు పరిచి పచ్చి నెత్తళ్ళు ఎండబోశారు. అవతల, సముద్రం వైపు కూడా ఒక గుప్పెడు పోశారు. అది వాళ్ళ ఊరి పద్ధతట. ఎవరు ఇల్లు కట్టుకోబోయినా ముందు తడిక కట్టి, వెనకింటి వాకిట్లో చేపలు ఎండబోస్తారు. పొద్దు వాలేసరికి చేప విరిస్తే టిక్కుమనాలి. వంగిందంటే గాలి ఆగిపోయినట్టు. అప్పుడు కట్టేవాడే బారెడో రెండు బారలో జరగాలి. అడ్డదిడ్డంగా ఉందని నేననుకున్న ఆ పల్లెలో ప్రతి ఇల్లూ అలా చేపలనడిగి కట్టుకున్నదే. అది విన్నాక నా బ్యాగులో పసుపు కుంకాలు బయటికి తీయలేదు.

మాపటేళ అయింది. అప్ప ఇంటాయన్ని ఆటోలో తీసుకొచ్చి సరుగుడు నీడలో కూర్చోబెట్టారు, పక్కన గ్లాసుతో సహా. అప్ప ముందు సముద్రం వైపు చేప తీసి విరిచింది. టిక్కుమంది. రెండో వరసకి వెళ్ళి తీసింది. వంగింది. ఇంకోటి తీసింది. అదీ వంగింది. మూడో వరసలో తడి ఆరనేలేదు, ఈగలు ముసురుతున్నాయి. అప్పుడు తన తడిక ఒక్కటీ విప్పించింది. గండిలోంచి గాలి సర్రున వచ్చి నాలుగో వరస దాకా ముగ్గు లేపుకుపోయింది. మళ్ళీ కట్టించింది, ఆగిపోయింది. పక్క వాళ్ళ తడికలు తీసినా పెట్టినా తేడా ఏమీ లేదు. ఆ గాలంతా ఆ ఒక్క ప్లాటు మీదుగానే లోపలికి పోవాలి.

వెనక ప్లాటు ఆవిడే, "పోన్లే వదినా, మాకేటి, ఫేను ఎట్టుకుంటాం. అన్నియ్యకి బాగోనేదు గదా, నువ్వు కట్టుకో," అంది. మనస్ఫూర్తిగానే అంది.

అప్ప మాట్లాడకుండా నిలబడడం నేను చూసింది ఆ ఒక్కసారే. చేతిలో వంగిన చేప పట్టుకుని ఆయన దగ్గరికెళ్ళి కూర్చుంది.

"ఏటి సేద్దాం?" అని అడిగింది, చాలా మెల్లగా.

ఆయన మాటకారి కాదు. చేప తీసుకుని ఒత్తి చూశాడు. "ఊరందరికీ ఒచ్చినపాటి నాకూ ఒత్తాది. అంతకంటే నాకెందుకు?"

"ఎనకెక్కడో పడతాం. నీకు సరిపోద్దా?"

"సరిపోకపోతే ఆళ్ళకీ సరిపోదు గదా."

ఆవిడ కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఓలే గుంటా. గీసిందానివి నువ్వే. సెరిపీ."

ఒప్పుకున్న ప్లానప్పా, ఇప్పుడు చెరిపితే కంట్రాక్టరు నన్ను బతకనివ్వడన్నాను. "ఎండబోసిన సేప తడిగుంటే మళ్ళీ ఎండబోత్తాం. అందల సిగ్గేటి?" అంది.

నాలుగు రోజులు తిండీ నిద్రా సరిగ్గా లేకుండా మళ్ళీ గీశాను. నడిమి ప్లాటు ఖాళీగా వదిలేశాను. గోడకి గోడ ఆనకుండా ఇళ్ళని విడదీసి, ఒక్కోదాన్ని కాస్త పక్కకి జరిపాను. అప్పకి ఆఖరి వరసలో, ఖాళీకి తిన్నగా ఎదురుగా ఇల్లు వచ్చింది. కొందరికి తూర్పు ముఖం తప్పిపోయింది. గొడవ మొదలవబోతే, "సముద్రం ఎటుంటే అదే మన తూరుపు, నోరు ముయ్యండి," అని అప్ప తేల్చేసింది. కంట్రాక్టరు మాత్రం నా ఆఫీసుకొచ్చి బల్ల గుద్దాడు. ఖాళీ ఉంటే రేపు ఎవడో ఒకడు టీకొట్టు పెడతాడు, ఎల్లుండి ఇంకొకడు ఇల్లు కడతాడు, ఖాళీ జాగా అన్నది ఈ దేశంలో నిలవదమ్మా అన్నాడు. ఆ మాట నిజమేనని నాకూ తెలుసు.

"నానుండగా ఎట్టమను సూద్దాం," అంది అప్ప.

కంట్రాక్టరు సణుక్కుంటూనే కొత్త ప్లాను ప్రకారం కట్టాడు. ఆ ఖాళీలో అప్ప ఎవర్నీ ఏమీ పెట్టనివ్వలేదు. ఎవరో గడ్డివాము వేయబోతే తీయించింది. ఎవరో బండి నిలపబోతే చక్రానికి అడ్డంగా కూర్చుందట. రెండు వేసవులు గడిచాయి. పొద్దున్నే గంప దించి నాకు కబురు చెప్పేది. "నిన్న మాపటేల బాగా ఒచ్చినాదే. గ్లాసులో సగం మిగిల్చినాడు." నేను గీసిన ప్లాన్లన్నిటికీ నాకు దక్కిన మెప్పు అదొక్కటే. ఆ మిగిలిన సగం నీళ్ళూ ఆవిడ ఏం చేసేదో నేనెప్పుడూ అడగలేదు.

ఆవిడ పోయిన సంగతి తెలిసిన నాలుగో రోజు, కాలనీ పెద్దలు ముగ్గురు మా ఆఫీసుకొచ్చారు. సంచిలోంచి అప్ప ఫోటో తీశారు. ఆధార్ కార్డులోది పెద్దది చేయించారు, ఎవరినో తిట్టబోతున్నట్టుంది అందులో. ఊరంతా కలిసి నిర్ణయించారట. నడిమి ప్లాటు అప్పదే కాబట్టి అందులోనే అప్ప పేరున మంటపం కడతారట. నాలుగు స్తంభాలు, పైన శ్లాబు, వెనక గోడకి ఫోటో, కింద కూర్చోడానికి అరుగు. "నువ్వే గియ్యాలమ్మా. అదంటే నీకూ పేణం గదా," అన్నాడు పెద్దాయన. చెబుతూనే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

నాకు కోపమొచ్చింది. మామూలుగా అయితే అరిచేదాన్నే. ఏడుస్తున్న వాళ్ళ మీద ఏమని అరుస్తాను? వాళ్ళు దుర్మార్గులైతే బాగుండేది, టీకొట్టు పెట్టేవాడైతే బాగుండేది. ప్రేమతో కట్టే గోడని ఎలా ఆపాలో నాకెవరూ చెప్పలేదు. చోటు చూసి గీస్తానని మాత్రం చెప్పి, టేపు తీసుకుని వాళ్ళతోనే వెళ్ళాను.

మిట్టమధ్యాహ్నం. ఎండ నిప్పులు కక్కుతోంది. దారి పొడుగునా ఊళ్ళలో తలుపులన్నీ బిగించేసుకుని ఉన్నారు. అప్ప ఇంటాయన ఆఖరి వరసలో తన గుమ్మం ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. గ్లాసు పక్కనే ఉంది. ఇప్పుడది ఎవరు నింపి ఇస్తున్నారని అడిగితే, "మునుపు మా ఎనక ప్లాటమ్మి" అన్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను.

పెద్దాయన ఫోటో చూపించి మంటపం సంగతంతా చెప్పాడు. ఎక్కడ ఏ స్తంభం వస్తుందో చేతులతో చూపించాడు. మంచం మీదాయన ఫోటో ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అంచు వేలితో నిమిరాడు.

"వొద్దు," అన్నాడు.

"అదేటి మావా? అప్ప ఊరికింత సేసినాది. గురుతుండొద్దా? రేపు పిల్లలకి ఎలగ తెలుత్తాది?"

"వొద్దురా. ఒగ్గీయండి."

"మరి గురుతు?"

ఆయనకి ఆయాసం వచ్చింది. తర్వాత చెయ్యెత్తి మా వెనక్కి, ఇళ్ళ వైపు చూపించాడు.

"ఇంతెండలో ఎవలింటి తలుపన్నా మూసుందేటో సూడండి."

అందరం తిరిగి చూశాం. నాలుగు వరసల్లోనూ తలుపులన్నీ బార్లా తెరిచే ఉన్నాయి.